అటకెక్కిన బొమ్మల పెట్టె

ప్రశ్న: నమస్తే మేడమ్. మాకు ఏడేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాప. బాబు పుట్టినరోజుకి మావారు పెద్ద లెగో కోట సెట్ (ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టే బొమ్మ) కొన్నారు. తండ్రీకొడుకులు పది రోజులపాటు రోజూ రాత్రి కూర్చుని, దాంతో వచ్చిన పుస్తకం చూసుకుంటూ కట్టారు. హాల్లో అందరికీ కనబడేలా పెట్టుకున్నాం. ఆ తర్వాత సెలవుల్లో బాబు ‘ది లెగో మూవీ’ చూశాడు. ఒకసారి కాదు, ఐదారుసార్లు. ఓ ఆదివారం పొద్దున మేం లేచేసరికి కోట మొత్తం విప్పేసి, పాత సెట్ల ముక్కల్లో కలిపేసి, రెక్కలూ చక్రాలూ ఉన్నదేదో కడుతూ కూర్చున్నాడు. మావారికి విపరీతమైన కోపం వచ్చింది. ‘అది సినిమా కాదు, బొమ్మలు అమ్ముకోడానికి తీసిన అడ్వర్టైజ్‌మెంట్. దాన్ని చూపించింది నువ్వే’ అని నన్నూ అన్నారు. ముక్కలన్నీ పెట్టెలో పోసి అటక మీద పెట్టేశారు. మూడు వారాలైంది. వాడు అడగడం కూడా మానేశాడు. నాకు అదే టెన్షన్‌గా ఉంది. ఆ సినిమా నిజంగా చెడ్డదా? ఇలాంటివి పిల్లలకు చూపించకూడదా? – ఒక తల్లి

జవాబు:

అమ్మా,

ఆ పెట్టె కిందికి దిగాలి. దాన్ని మీవారే దించాలి. ఆయన ఇంట్లో లేనప్పుడు మీరు స్టూలు వేసుకుని దించి బాబు చేతికి ఇచ్చేయకండి. అలా చేస్తే బొమ్మలు దొరుకుతాయి గానీ, నాన్నకీ వాడికీ మధ్య చెడింది చెడినట్టే ఉండిపోతుంది. నేను రాయబోయేదంతా ఆ పెట్టెను మీవారి చేతుల మీదుగా దించించడం కోసమే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోట విప్పేయడం, నాన్న కోప్పడటం, అది అమ్మ మీదికి మళ్లడం, ఇవన్నీ ఏ ఇంట్లోనైనా జరిగేవే. నన్ను ఆపేసింది ఒక్క మాట: ‘వాడు అడగడం కూడా మానేశాడు.’ అడిగి, ఏడ్చి, మారాం చేసే పిల్లవాడి గురించి నాకు అంత బెంగ ఉండదు. ఇస్తారన్న ఆశ ఉంది కాబట్టే వాడు అడుగుతాడు. ఏడేళ్లవాడు తనకెంతో ఇష్టమైన వస్తువు ఊసే ఎత్తకుండా మూడు వారాలు గడిపాడంటే, చేసింది క్షమించరాని తప్పని నమ్మేసి ఉంటాడు. మీకు టెన్షన్ పుట్టడం సహజమే. మీరు ఉత్తరం రాయడం మంచిదైంది.

సినిమా గురించి అడిగారు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. మీవారు దాన్ని చివరిదాకా చూశారా? మీరు రాసిన తీరు చూస్తే చూడలేదనే అనిపిస్తోంది. చూసి ఉంటే ఆ ఆదివారం కోప్పడేవారేమో గానీ, పెట్టెను అటకెక్కించేవారు కాదు.

ఆ సినిమా అంతా లెగో బొమ్మల లోకం. అందులో ఎమెట్ అనే బిల్డింగ్ పనివాడు ఉంటాడు. పొద్దున లేచింది మొదలు ప్రతి పనీ పుస్తకంలో రాసినట్టే చేస్తాడు. తనకంటూ ఓ ఆలోచన ఉండొచ్చని కూడా అతనికి తెలియదు. ఆ లోకాన్ని ఏలే లార్డ్ బిజినెస్‌కి ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలి, ఏదీ కదలకూడదు. అందుకోసం ‘క్రాగిల్’ అనే భయంకరమైన ఆయుధం దాచుకుంటాడు. ఆ ఆయుధాన్ని దగ్గర నుంచి చూపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అది మామూలు జిగురు ట్యూబు. ‘క్రేజీ గ్లూ’ అన్న పేరులో కొన్ని అక్షరాలు చెరిగిపోయి ‘క్రాగిల్’ అని మిగిలింది. దాన్ని ఆపగలిగే మహిమ గల వస్తువంటూ అందరూ వెతికేది ఏమిటో తెలుసా? ఆ ట్యూబు మూత.

చివర్లో కథ ఉన్నట్టుండి మనుషుల లోకంలోకి వస్తుంది. ఒక ఇంటి కింది గదిలో తండ్రి పుస్తకం ప్రకారం పద్ధతిగా కట్టుకున్న బొమ్మల ఊరు. ముట్టుకోవద్దని అక్కడక్కడా చీటీలు. కొడుకు వాటిని విప్పి, కలిపి, ఆడుకుంటున్నాడు. మనం అప్పటిదాకా చూసిందంతా ఆ పిల్లవాడి ఆట. తండ్రి వచ్చి చూసి కోప్పడతాడు. ఇవి ఆటబొమ్మలు కావంటాడు. అన్నీ మళ్లీ ఎలా ఉండాలో అలా సర్ది, జిగురుతో అతికించడం మొదలుపెడతాడు. అలా సర్దుతూ కొడుకు కట్టినవి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూస్తాడు. అవి ఎంత బాగున్నాయో అప్పుడు కనబడుతుంది. కొడుకు ఆటలో విలన్ తానేనని కూడా అప్పుడే అర్థమవుతుంది. కోపమంతా పోయి, వచ్చి కొడుకు పక్కన కూర్చుంటాడు.

మీ బాబు ఆ సినిమాను ఐదారుసార్లు చూశాడని రాశారు. అంటే ఈ ఘట్టాన్నీ ఐదారుసార్లు చూశాడు. పిల్లలు ఒకే సినిమాను పదే పదే పెట్టమనేది కథ గుర్తులేక కాదు. అందులో ఎక్కడో వాళ్లకు కావలసినది ఒకటి ఉంటుంది, దానికోసం మిగతాదంతా చూస్తారు. కోట విప్పేటప్పుడు వాడి మనసులో ఏముందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ ఇంతమటుకు కనబడుతోంది: సినిమాలో తండ్రి కోప్పడ్డాక తిరిగి వచ్చాడు. మీ ఇంట్లో కథ కోపం దగ్గరే ఆగిపోయింది, మూడు వారాలుగా వాడు ఆ మిగతా సగం కోసం చూస్తున్నాడు.

ఇదంతా చదివి మీవారిని విలన్ అంటున్నానని అనుకోకండి. ఆయనతోనూ అలా అనకండి. ‘మీరు అచ్చం ఆ సినిమాలో నాన్నలాగే చేశారు’ అన్న మాట మీ నోటి నుంచి వస్తే ఇక ఆయన ఆ సినిమా వైపు చూడరు. ఆయన వైపు నుంచి ఆలోచించండి. రోజంతా పని చేసి వచ్చి, పది రాత్రులు కొడుకు పక్కన నేల మీద కూర్చున్నారు. వాడు సంచుల్లోంచి ముక్కలు ఏరి ఇస్తుంటే ఈయన పుస్తకంలో పేజీ తిప్పారు. ఆయనకు ఆ కోట అంటే ఆ పది రాత్రులు. పొద్దున్నే లేచి చూసేసరికి అవి నేల మీద ముక్కలుగా పడి ఉన్నాయి. దాన్ని ‘బొమ్మే కదా, ఇంత గొడవెందుకు’ అని మీరు తేలిగ్గా తీసేస్తే ఆయనకు ఇంకా నొప్పి పుడుతుంది. ‘కోట పోయినందుకు మీకెంత బాధగా ఉందో నాకు తెలుసు’ అని ముందు ఆ మాట అనండి. ఎవరూ ఇంతవరకు ఆయనతో అని ఉండరు.

ఆ తర్వాత ఆయనకు ఈ సంగతి చెప్పండి: కోట ఎక్కడికీ పోలేదు. ముక్కలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. అట్టపెట్టె మీద ఒక సెట్ నంబరు ఉంటుంది. పుస్తకం చిరిగినా, కనబడకపోయినా, ఆ నంబరుతో లెగో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే కట్టే విధానం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. కావాలంటే రేపే మొదలుపెట్టి మళ్లీ అదే కోట కట్టొచ్చు. విరిగిపోయిన వస్తువు వేరు, విప్పిన వస్తువు వేరు. ఈ బొమ్మ పుట్టిందే విప్పడం కోసం. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడంతో ఆ కంపెనీ మొదలైంది. డేనిష్‌లో ‘బాగా ఆడుకో’ అనే అర్థం వచ్చే రెండు మాటల్లోంచి ఆ పేరు పుట్టింది. ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958లో పేటెంట్ తీసుకున్నారు. ఆ ఏడాది తయారైన ఇటుక ఈ రోజు కొన్న ఇటుకకు టక్కున అతుక్కుంటుంది. ఎనిమిది బుడిపెలుండే ఒకే రంగు ఇటుకలు ఆరు తీసుకుంటే, వాటిని 91 కోట్లకు పైగా విధాలుగా కలపొచ్చని కోపెన్‌హాగన్ యూనివర్సిటీ గణిత ఆచార్యుడు సోరెన్ ఐలర్స్ లెక్కగట్టారు. ఆరు ఇటుకలకే అన్ని రకాలుంటే మీ కోటలో ఎన్నున్నాయో! మీ బాబు వాటిలోంచి ఇంకొకటి బయటికి తీశాడు, అంతే.

ఇక అడ్వర్టైజ్‌మెంట్ విషయం. మీవారు అన్నదాంట్లో నిజం ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. బొమ్మల కంపెనీ పేరు సినిమా పేరులోనే ఉంది. 2014 ఫిబ్రవరిలో సినిమా వచ్చింది, ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో కంపెనీ అమ్మకాలు 11 శాతం పెరిగాయి. సినిమాకు సంబంధించిన సెట్లు అందుకు బాగా తోడ్పడ్డాయని కంపెనీ వాళ్లే చెప్పారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో 1969లోనే ‘హాట్ వీల్స్’ బొమ్మకార్ల పేరుతో టీవీలో కార్టూన్ వస్తే, ఇది కార్యక్రమమా ప్రకటనా అని తగాదా వచ్చింది. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ అందులో కొంత భాగాన్ని ప్రకటన కిందే లెక్కగట్టమంది. 1984లో అదే సంస్థ ప్రకటనల మీద పరిమితులు ఎత్తేసింది. ఇక బొమ్మల కోసమే పుట్టిన కార్టూన్లు వరదలా వచ్చాయి. 1990లో చట్టం చేసి మళ్లీ కొంత కట్టడి చేయాల్సి వచ్చింది. కాబట్టి మీవారి అనుమానం అనుమానమేమీ కాదు, దానికో చరిత్ర ఉంది.

అయినా బొమ్మ పేరుతో వచ్చిన ప్రతి సినిమానూ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. నా దగ్గర ఒక కొలత ఉంది: ఆ సినిమా పాత బొమ్మను ఏం చేస్తుంది?

1986లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనే రోబో బొమ్మల మీద ఒక యానిమేషన్ సినిమా వచ్చింది. అందులో పిల్లలు ప్రాణంగా ప్రేమించే నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చనిపోతాడు. ఇంకా చాలామంది పాతవాళ్లు వరసగా చనిపోతారు. కథకు అవసరమై కాదు. పాత బొమ్మల అమ్మకం ఆపేసి కొత్తవి దింపుతున్నారు, వాటికి తెర మీద చోటు కావాలి. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు. అప్పుడు గానీ పెద్దలకు అర్థం కాలేదు, పిల్లలకు ఆ బొమ్మ సరుకు కాదని. ఇంట్లో ఆ పాత బొమ్మ పట్టుకుని సినిమాకు వెళ్లిన పిల్లవాడి గురించి ఆలోచిస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు మీ బాబు చూసిన సినిమాకు రండి. అందులో బెన్నీ అని ఒక నీలం రంగు వ్యోమగామి బొమ్మ ఉంటాడు, 1980ల నాటివాడు. ఈసారి అతని హెల్మెట్ గమనించండి. గడ్డం కింద ఉండే సన్నటి భాగం విరిగి ఉంటుంది. ఆ కాలంలో ఆ బొమ్మతో ఆడుకున్నవాళ్ల ఇళ్లలో హెల్మెట్ సరిగ్గా అక్కడే విరిగేది, అక్కడ ప్లాస్టిక్ మరీ పలచన. ఛాతీ మీద బొమ్మ కూడా సగం చెరిగిపోయి ఉంటుంది, పిల్లల వేళ్లు రాసుకుని రాసుకుని. కొత్తదిలా నిగనిగలాడే బెన్నీని చూపించడం వాళ్లకు కష్టమేమీ కాదు, అంతా కంప్యూటర్‌లో చేసిందే. అయినా విరిగిన హెల్మెట్‌తోనే చూపించారు. విరిగినా, చెరిగినా, అతను కథలో ఉంటాడు, అందరితో కలిసి కడతాడు.

దర్శకులు ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్. బొమ్మల పని సిడ్నీలోని యానిమల్ లాజిక్ స్టూడియోది. వాళ్లు ముక్కల మీద గీతలు, వేలిముద్రలు, దుమ్ము కూడా పెట్టారు. సముద్రం, మంట, పొగ, మబ్బులు అన్నీ ఇటుకలతోనే చేశారు. బొమ్మ మనుషుల చేతులు, కాళ్లు నిజం బొమ్మకు ఎంతవరకు తిరుగుతాయో అంతవరకే తిప్పారు. చూస్తున్న పిల్లవాడికి ఇవన్నీ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తన పెట్టెలో ఉన్న ముక్కలే అక్కడ సముద్రమయ్యాయని వాడికి ఇట్టే తెలిసిపోతుంది. సినిమాలో ఎమెట్ సొంతంగా కట్టే మొదటి వస్తువు రెండంతస్తుల సోఫా. దాన్ని చూసి అందరూ పెదవి విరుస్తారు. తర్వాత వాళ్ల జలాంతర్గామి ముక్కలైపోయినప్పుడు నీళ్ల మీద తేలి వాళ్లను కాపాడేది ఆ సోఫానే. కొత్త సెట్ కొంటే గెలుస్తావని ఆ సినిమా ఎక్కడా చెప్పలేదు. నీ చేతిలో ఉన్నవి చాలని చెప్పింది. మీ బాబు కూడా కొత్తది కొనమని పేచీ పెట్టలేదు చూడండి. ఉన్నవాటినే విప్పి కట్టుకున్నాడు. అమ్మడానికి తీసిన సినిమాలోంచి కొనక్కర్లేని సంగతిని ఏరుకున్నాడు. మీవారికి ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పి చూడండి.

అలాగని పిల్లవాడిని ప్రకటనలకు వదిలేయమనడం లేదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, ఎదుటివాళ్లు తమ చేత ఏదో కొనిపించాలని చూస్తున్నారన్న సంగతి సరిగ్గా బోధపడదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం 2004లో చెప్పింది. మీవాడికి ఏడు. ఇప్పుడిప్పుడే అర్థమయ్యే వయసు. పక్కన కూర్చుని చూస్తూ, ‘ఈ బొమ్మలు చేసేవాళ్లకి ఈ సినిమా వల్ల ఏం వస్తుంది?’ అని మామూలుగా అడగండి. పాఠం చెప్పినట్టు వద్దు. వాడు ‘ఏమో’ అంటే మీరే చెప్పండి: ‘సినిమా నచ్చితే మనం బొమ్మలు కొంటామని వాళ్ల ఆశ. కొన్నా కొనకపోయినా సినిమా మనది, చూసి ఆనందించొచ్చు.’ ఎప్పుడైనా సినిమాలోని సెట్ ఏదైనా కావాలని అడిగితే వెంటనే అవుననీ కాదనీ అనొద్దు. ‘ముందు దాన్ని మన ముక్కలతో కట్టి చూద్దాం’ అనండి. కట్టాక కూడా అదే కావాలంటే పేరు రాసిపెట్టి వచ్చే పుట్టినరోజు దాకా ఆగొచ్చు. కట్టడంలో పడ్డాక చాలాసార్లు ఆ కోరిక ఇంకో రూపం తీసుకుంటుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మాయికి ఐదారేళ్లప్పుడు, ఓ సాయంత్రం హాల్లో నేలంతా నీలం ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మధ్యలో ఓ చిన్న ఇల్లు, తలుపు కూడా సరిగ్గా లేదు. ఎవరో వస్తున్నారని నేను హడావిడిగా చీపురు పట్టుకుని నీలం ముక్కలన్నీ ఊడ్చి పెట్టెలో పోశాను. అది లోపలి నుంచి వచ్చి, కాసేపు ఆ ఇంటిని చూసి, ‘అమ్మా, వాన ఏమైంది?’ అంది. ఆ ముక్కలు వాన. ఒక్కో చినుకూ ఎక్కడ పడాలో చూసుకుని, గది అంతా తిరుగుతూ పెట్టుకుందట. మళ్లీ పెట్టుకుందామని నేనూ కూర్చున్నాను గానీ, రెండు మూడు ముక్కలు పెట్టి లేచి వెళ్లిపోయింది. దానికి ఇప్పుడు ఆ సంగతి గుర్తే లేదు. నాకు మాత్రం ఆ నీలం ముక్కలు చేటలో గలగలమన్న చప్పుడు ఇంకా వినబడుతుంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ఏం కట్టినా, చెదిరి ఉన్నా సరే, ముట్టుకునే ముందు ‘ఇదేమిటి?’ అని అడగడం అలవాటు చేసుకున్నాను.

మీ బాబు వైపూ ఒక తప్పుంది, అది దాచిపెట్టొద్దు. కోట వాడొక్కడిదే కాదు. ఇద్దరూ కట్టింది ఒక్కడే విప్పేశాడు, అడగకుండా. అది వాడికి చెప్పాలి. అయితే ఇప్పుడు కాదు. పెట్టె దిగి, నవ్వులు వచ్చి, రెండు రోజులు గడిచాక చెప్పండి. ‘కట్టినప్పుడు ఇద్దరూ ఉన్నారు కదా, విప్పేటప్పుడు కూడా ఇద్దరూ ఉంటే బాగుండేది’ అంటే చాలు, ఏడేళ్లవాడికి ఇట్టే ఎక్కుతుంది. విప్పడం తప్పని మాత్రం వాడి మనసులో పడకూడదు. అడగకపోవడం ఒక్కటే తప్పు. ఈ రెండూ వాడికి ఇప్పుడు కలగలిసిపోయి ఉన్నాయి. అందుకే నోరు మూసుకున్నాడు.

ఇంట్లో రెండు చోట్లు పెట్టుకోండి. ఒకటి పైన అర. అందులో ఉన్నది కట్టినవాళ్లు ఒప్పుకునేదాకా ఎవరూ విప్పరు. మీవారికి అచ్చం పుస్తకంలో ఉన్నట్టు కట్టి చూసుకోవడమంటే ఇష్టం ఉంటే, అది కూడా గౌరవించాల్సిన ఇష్టమే, ఆయనకంటూ ఒక సెట్ ఆ అరలో ఉండనివ్వండి. రెండోది కింద బల్ల. దాని మీద ఉన్నది ఎప్పుడైనా మారిపోవచ్చు. ముక్కల్ని రంగుల వారీగా వేరుచేయకండి, చూడ్డానికి బాగుంటుంది గానీ ఎర్ర ముక్కల కుప్పలో చిన్న ఎర్ర ముక్క కంటికి ఆనదు. ఆకారాల వారీగా డబ్బాల్లో వేస్తే వాడికి కావలసింది చటుక్కున దొరుకుతుంది. పలచటి ముక్కలు అతుక్కుపోతే పిల్లలు పళ్లతో పీకుతారు, పళ్లు పాడవుతాయి. కొన్ని పెద్ద సెట్లతో నారింజ రంగులో విడదీసే పనిముట్టు వస్తుంది. మీ పెట్టెలో ఉందేమో చూడండి, దాన్ని వాడికి చూపించండి.

పాప గురించి మీరు వయసు తప్ప ఏమీ రాయలేదు. నేను మాత్రం దాన్ని వదిలి ముందుకు వెళ్లలేను. రెండున్నరేళ్ల పిల్ల చేతికి ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది, ముక్కులో దూర్చుకుంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు ఈ చిన్న ముక్కలు గొంతులో అడ్డం పడే ప్రమాదముంది, పెట్టెల మీద ఆ హెచ్చరిక ఊరికే వేయరు. కాబట్టి ఆ బల్ల పాపకు అందని ఎత్తులో ఉండాలి. ఆట అయ్యాక నేల మీద ఒక్క ముక్క మిగలకూడదు. కింద ఒక దుప్పటి పరిచి దాని మీద ఆడుకుంటే, నాలుగు కొసలూ పట్టి ఎత్తితే ముక్కలన్నీ ఒకచోటికి వచ్చేస్తాయి. అన్నయ్య దగ్గర కూర్చోవాలని అదీ ఏడుస్తుంది, ఏడవడం సహజం. దానికి అదే కంపెనీ చేసే డూప్లో ఇటుకలు ఇవ్వొచ్చు. అవి పొడవు, వెడల్పు, ఎత్తు మూడింట్లోనూ రెండింతలు ఉంటాయి, మింగలేరు. అన్నిటికన్నా మంచి సంగతి, అన్నయ్య చిన్న ఇటుకలు ఆ పెద్ద ఇటుకల మీద అతుక్కుంటాయి. పాప కింద గోడ కడితే వాడు పైన బురుజు కట్టొచ్చు.

మొదటి సినిమా చివర్లో తండ్రి కొడుకును ఆడుకోనిచ్చాక, చిట్టి చెల్లెల్ని కూడా ఆటలో చేర్చుకోవాలంటాడు. వెంటనే ఆ ఊళ్లోకి డూప్లో బొమ్మలు దిగుతాయి. 2019లో వచ్చిన రెండో భాగం అంతా ఈ అన్నాచెల్లెళ్ల తగాదానే. అందులో ఓ ఘట్టం మీకు బాగా తగులుతుంది: ఇద్దరి గొడవ భరించలేక తల్లి బొమ్మలన్నీ పెట్టెలో పడేసి పక్కన పెట్టేయమంటుంది. బొమ్మల లోకంలో అదే ప్రళయం. అది ఇప్పుడే పెట్టకండి. పాప కాస్త పెద్దదై అన్నతో పోట్లాడే రోజులు వస్తాయి కదా, అప్పటికి దాచుకోండి.

ఇక చేయాల్సింది. మీవారికి తీరిక ఉన్న రోజు చూసి, పాప పడుకున్నాక, ‘ఆ సినిమా చివరి అరగంట నాతో కలిసి చూడండి, చూశాక నచ్చకపోతే ఇక నేను ఆ మాట ఎత్తను’ అనండి. మొదట మీ ఇద్దరే చూడండి. పక్కన కొడుకుంటే ఆయన మొహం చూసుకోలేరు. సినిమా అయ్యాక మీరేం మాట్లాడకండి. ఆయన ఏమన్నా అంటే వినండి, అనకపోతే ఆ రాత్రికి వదిలేయండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఈలోగా బాబుతో మీరు ఒక్క మాట అనండి: ‘నాన్నకి కోట అంటే చాలా ఇష్టం, అందుకే అంత కోపం వచ్చింది. నీ మీద ఇష్టం ఏం తగ్గలేదు.’ దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ రాత్రే అనొచ్చు.

పెట్టె దించే రోజున సారీ చెప్పమని వాడిని నిలబెట్టొద్దు. ముందు ఎవరు చెప్పాలన్న లెక్క వస్తే పెట్టె మళ్లీ పైకే పోతుంది. మీవారు దాన్ని దించి, దుప్పటి మీద పోసి, ఆ పది రాత్రులు కూర్చున్నట్టే కూర్చుంటే చాలు. ఏం మాట్లాడాలో ఆయనకు తోచకపోతే అడగడానికి ఒక ప్రశ్న ఉంది. ఆ ఆదివారం పొద్దున రెక్కలూ చక్రాలూ పెట్టి వాడు కడుతున్నది ఏమిటి? మీ ఉత్తరంలో దాన్ని ‘ఏదో’ అని రాశారు. అంటే అది ఏమిటో ఇంతవరకు వాడిని ఎవరూ అడగలేదు. మీవారిని అడగమనండి. వాడు ఏం చెప్పాడో తెలిశాక నాకు ఇంకో ఉత్తరం రాయండి.